25కి 11 వస్తే భయపడాలా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బళ్లో మనసు బాగోగుల మీద అయిదు ప్రశ్నల కాగితం ఇస్తే 25కి 11 వచ్చిందట. ఇది డిప్రెషనేనా? నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, నరసరావుపేట

కంగారు పడకండమ్మా, 11 అనేది జబ్బు పేరు కాదు. మీరు చెప్పింది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో తెచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ-5 లాగుంది. గడిచిన రెండు వారాలు ఎలా ఉన్నాయో అడుగుతుంది. 13 కన్నా తగ్గితే పిల్లతో తీరిగ్గా మాట్లాడి చూడమని దాని అర్థం. పరీక్షల ముందు, ఒంట్లో బాగోనప్పుడు తగ్గడం మామూలే. రెండు వారాలు దాటినా సరిగా తినక, నిద్రపోక, స్నేహితురాళ్లతో కలవకపోతే డాక్టరుకు చూపించండి.

ఈ డబ్ల్యూహెచ్‌ఓ-5 ఇంగ్లీషు ప్రశ్నల్ని నేనే తెలుగు చేసి ఎనిమిదో తరగతికి ఇచ్చాను. సగంమందికి బాగా తక్కువొచ్చింది. పిల్లల్లో ఇంత దిగులుందా, నా కాగితంలోనే తప్పుందా?
– ఒక ఉపాధ్యాయుడు, మాచర్ల

మీకు ఆ అనుమానం రావడమే మంచిది మాస్టారూ. కొలవాల్సినదాన్నే కాగితం కొలుస్తోందా అని చూడటాన్ని వాలిడిటీ పరీక్ష అంటారు. 'ఉల్లాసంగా ఉన్నాను' అని రాశారనుకోండి, ఆ మాట పిల్లలు పుస్తకంలో చదువుతారే గాని నోట అనరు. 'హుషారుగా' అంటే చటుక్కున తెలుస్తుంది. 'నిద్ర లేచేసరికి అలసట తీరి ఉంటోంది' అన్నదీ చూడండి. మిరపకోతలప్పుడు ఆదివారమంతా చేలో వంగి కాయ కోసిన పిల్ల దానికి సున్నా పెడుతుంది. ఆ సున్నా నడుం నొప్పిది. అందుకని నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ప్రశ్నా ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించండి. మూలం చూడనివాళ్ల చేత మీ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేయించి పోల్చండి. అప్పటిదాకా ఆ మార్కులు రిజిస్టరులో ఎక్కించొద్దు, కాని బాగా తక్కువొచ్చిన పిల్లల్ని విడిగా పలకరించండి.

మాకూ ఈ అయిదు ప్రశ్నల కాగితం ఇచ్చి పేరు రాయమన్నారు. సార్లు చదువుతారని భయమేసి అన్నిటికీ అయిదే పెట్టాను. నిజానికి ఏమీ బాగోలేదు.
– ఇంటర్ విద్యార్థి, గురజాల

నీ తప్పేం లేదు నాన్నా. పేరు రాయమంటే చాలామంది అలాగే పెడతారు. లోపం ఆ కాగితం ఇచ్చిన తీరులో ఉంది. 'ఏమీ బాగోలేదు' అని నాకు రాశావే, అదే అసలు జవాబు. అదే మాట ఇంట్లో నీకు నమ్మకమున్న ఒక్కరికి ఈ రోజే చెప్పు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగొద్దు, ఒంటరిగా ఉండొద్దు: టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. రాత్రయినా ఎత్తుతారు, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.