కేక్ అడిగే బిడ్డకు

బిడ్డకు సీలియాక్ జబ్బు ఉందని, ఇక గోధుమ ముట్టకూడదని డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది చపాతీ. మహబూబ్‌నగర్ ఇళ్లలో చపాతీ మానడం పెద్ద కష్టమేమీ కాదు. అన్నం ఉంది, జొన్నరొట్టె ఉంది, తైదంబలి ఉంది. అసలు కష్టం కొన్నాళ్లయ్యాక బేకరీ ముందు మొదలవుతుంది. కూల్ కేక్, దిల్‌పసంద్, ఎగ్ పఫ్, ఉస్మానియా బిస్కెట్ అద్దాల వెనక వరసగా కనిపిస్తుంటే బిడ్డ కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఇంట్లో అడగడం మానేసిన పిల్ల కూడా పక్కింట్లో పుట్టినరోజు అనగానే ఏడుపు అందుకుంటుంది.

ఆ ఏడుపును మొండితనం అనుకోకండి. నిన్నటిదాకా మనమే కొనిపెట్టి, ఫొటోలు తీసి, నోట్లో ముక్క పెట్టి నేర్పిన ఇష్టం అది. డాక్టరు చీటీ రాయగానే నాలుక దాన్ని మరిచిపోదు. "నీకు కేక్ అంటే చాలా ఇష్టం కదా, నాకు తెలుసు బిడ్డా" అని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత చెప్పే మాట బిడ్డ చెవికెక్కుతుంది.

పెద్దవాళ్లతో వచ్చే చిక్కు వేరు. "మా కాలంలో ఈ రోగం ఎరగం, జరంత తింటే ఏమైతది" అంటుంది నాయనమ్మ. ఆమె ఎరగకపోవడంలో తప్పేమీ లేదు. మన దేశంలో మూడు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఉత్తరాదిన ఈ జబ్బు నూటికి ఒకరికంటే కాస్త ఎక్కువ మందిలో ఉంటే, దక్షిణాదిన వెయ్యి మందిలో ఒకరికే కనిపించింది. జబ్బుకు చోటిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకే పాళ్లలో ఉన్నాయి. ఎక్కువ తేడా కనిపించింది తిండిలో: అక్కడ మనిషి రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. నాయనమ్మ తిన్నది జొన్న, సజ్జ, వరి. ఇప్పటి పిల్లల డబ్బాల్లోకి బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్స్ వచ్చాయి. ఇదంతా ఆమెకు నెమ్మదిగా కూర్చోబెట్టి చెబితే, బిడ్డకు ఆమే కాపలా కాస్తుంది.

"జరంత" సంగతి కూడా ఆమెకు తెలియాలి. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ రోజూ 50 మిల్లీగ్రాములు కడుపులోకి వెళ్తే చాలు, కొన్ని నెలల్లో పేగు లోపలి పొర దెబ్బతింటుందని వైద్యులు తేల్చారు. ఒక్క బ్రెడ్ ముక్కలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా కొందరు పిల్లలకు నొప్పి, విరేచనాలు ఏవీ పైకి కనబడవు, లోపల మాత్రం దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఈ జబ్బుకు మూలం గోధుమ అని ప్రపంచానికి తెలిసిందీ పిల్లల వల్లనే. డచ్ పిల్లల డాక్టరు విల్లెం డికె 1930లలోనే గోధుమను అనుమానించాడు. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు, రొట్టె తిరిగొచ్చాక మళ్లీ పడిపోయారు. ఈ జబ్బు పిల్లలకు గోధుమ చేసే చెరుపు మీద 1950లో ఆయన పరిశోధన గ్రంథం రాశాడు.

ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. ఎవరో చెప్పారని బిడ్డకు గోధుమ మాన్పించి ఆ తర్వాత పరీక్షకు తీసుకెళ్లకండి. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే రక్తపరీక్షలో జబ్బు సరిగ్గా బయటపడుతుంది. జబ్బు ఖాయమైతే తోబుట్టువులకు, మీకూ పరీక్ష చేయించమని అడగండి.

మైదా కేక్ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఆపగలం. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి. అంగన్‌వాడీలో చంటిపిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ ఉంటుంది. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. కొట్లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. రంజాన్‌కు పక్కింటి నుంచి ప్రేమగా వచ్చే హలీంలో గోధుమ, బార్లీ ఉంటాయి, షీర్‌ఖుర్మాలో సేమియా ఉంటుంది. గిర్నిలో గోధుమలు పట్టిన వెంటనే మీ జొన్నలు పోస్తే ఆ పిండి బిడ్డకు పనికిరాదు. వీలైతే ఇంట్లో మిక్సీలోనే పట్టుకోండి. సంక్రాంతికి గరిజెలు కాల్చిన నూనెలో సకినాలు వేయకండి. ముందు సకినాలు, అరిసెలు కాల్చి బిడ్డ వాటా పక్కన పెట్టుకుని, ఆ తర్వాత మైదావి మొదలుపెట్టండి. ఉగాదికి భక్ష్యాల బదులు బియ్యం, మినప్పప్పు తోపులో ముంచి పూర్ణాలు వేస్తే ఇంటిల్లిపాదీ ఒకటే తినొచ్చు. సద్దుల బతుకమ్మకు మలీద సజ్జరొట్టెతో చేయండి, రుచికి ఏ లోటూ రాదు.

ఇవన్నీ ఉన్నాయి కదా, కేక్ ఎందుకు అంటారు కొందరు తల్లులు. ఆ మాటతో నేను ఏకీభవించను. కేక్ అడిగిన బిడ్డ చేతిలో నువ్వులముద్ద పెడితే కడుపు నిండుతుంది, కోరిక అట్లాగే ఉంటుంది. కొవ్వొత్తి గుచ్చి, చాకుతో కోసి, నలుగురికీ పంచేదే బిడ్డకు కావాలి. అది గోధుమ లేకుండా చేయడం మీరు భయపడేంత కష్టం కాదు. బ్రెడ్డుకు గ్లూటెన్ సాగుడు తప్పనిసరి. కేక్‌కు ఆ పని చాలావరకు గుడ్లు చేసిపెడతాయి. స్పెయిన్‌లో పేరుమోసిన సాంటియాగో కేక్‌ను పిండి లేకుండా బాదం, గుడ్లు, చక్కెరతోనే చేస్తారు. మన దగ్గర బాదం ఖరీదు, కానీ పాలమూరు నేలకు పల్లీలు కొదవ కాదు.

పావుకిలో పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. రెండు చెంచాల బియ్యప్పిండి వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. ఐదు గుడ్ల పచ్చసొనను రెండొందల గ్రాముల చక్కెరతో గిలక్కొట్టి పల్లీపొడి కలపండి. తెల్లసొన విడిగా నురగ నిలబడేదాకా గిలక్కొట్టి, చివర్లో మెల్లగా కలపండి. కుక్కర్‌లో అడుగున ఉప్పు పరిచి, పైన స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కాక నెయ్యి రాసిన గిన్నె దించండి. సన్నటి మంట మీద ముప్పావుగంట పడుతుంది. చాకు గుచ్చితే తడి అంటకూడదు. మొదటిసారి మధ్యలో కుంగినా పారేయకండి, పిల్లలు దాన్నీ ఇష్టంగా తింటారు. పల్లీలు పడని పిల్లలెవరైనా వస్తున్నారేమో మాత్రం ముందే కనుక్కోండి.

గుడ్డు తినని ఇళ్లలో తైదపిండి, బియ్యప్పిండి సగం సగం కలిపి, పెరుగు, బెల్లం, కోకో పొడి, ఒక చెంచా ఇసబ్‌గోల్ వేసి అరగంట నాననివ్వండి. నానకపోతే కేక్ ఇసుకలా పలుకుతుంది. వంటసోడా కుక్కర్‌లో పెట్టే ముందే వేయాలి.

బజారులో జొన్న బిస్కెట్లు, తైద బిస్కెట్లు అని రాసిన ప్యాకెట్లను పేరు చూసి నమ్మకండి. చాలావాటిలో గోధుమపిండో మైదానో కూడా ఉంటుంది. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. గ్లూటెన్ లేదని ముద్రించాలంటే మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

పుట్టినరోజుకు పిలుపు వస్తే ఆ తల్లికి ముందే ఫోన్ చేయండి. "అక్కా, మా పాప ముక్క మేమే తెస్తాం, అందరితోపాటు అదే పళ్లెంలో పెట్టియ్యి" అంటే ఎవరూ కాదనరు. ముక్క పెద్దదిగా, పైన క్రీముతో ఉండాలి. పక్క పిల్ల దాన్ని చూసి "నాకూ" అనాలి. బిడ్డ ముందు "పాపం" అనే మాట ఎవరి నోటా రానివ్వకండి. బడిలో టీచరుకు చిన్న డబ్బాలో పల్లీపట్టీలు ఇచ్చి ఉంచితే, ఎవరైనా కేక్ పంచిన రోజు బిడ్డ ఉత్తచేతులతో కూర్చోదు.

ఎంత చూసినా ఎప్పుడో ఒకసారి దొంగతనంగా తింటుంది. పఫ్ పొట్టు జేబులో దొరకవచ్చు, తర్వాతి రక్తపరీక్షలో అంకె పెరగవచ్చు. అప్పుడు డాక్టరు ముందు బిడ్డను దోషిలా నిలబెట్టకండి. కొట్టినా తిట్టినా రెండోసారి ఇంకా జాగ్రత్తగా దాస్తుంది, మీకు అసలు విషయమే తెలియకుండా పోతుంది. ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు, ఎంత బాగుంది అని అడగండి. దిల్‌పసంద్ అని చెబితే, కొబ్బరి, టూటీఫ్రూటీ వేసి దాన్ని ఇంట్లో ఎట్లా చేయాలో ఆ ఆదివారం ఇద్దరూ కలిసి చూడండి.

పదేళ్లు దాటిన పిల్లలకు ప్యాకెట్ చదవడం మీరే నేర్పండి. బేకరీలో విడిగా పెట్టినవన్నీ మైదా పొడి అంటినవేనని, స్నేహితులతో వెళ్తే సీలు వేసిన, చదివి చూసుకున్న ఐస్‌క్రీం తినొచ్చని చెప్పండి. హాస్టల్లో చేర్చేటప్పుడు డాక్టరు చీటీ నకలు వార్డెన్‌కొకటి, వంటవాళ్లకొకటి ఇవ్వండి. పూరీ, చపాతీ రోజుల్లో అన్నం పెట్టమని, ఆ అన్నం గరిటె వేరుగా ఉంచమని వంటమనిషితో స్వయంగా మాట్లాడి రండి.