గట్లమీద తంగేడు పెంపకము



పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెల్కలలో తంగేడు నెరుగనివారు లేరు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. గునుగుతోపాటు బతుకమ్మకు ముఖ్యమైన పూవు ఇదియే. అయినను గట్లు చెరిపి, బీళ్లు దున్నిన చోట్ల పండుగనాడు పిల్లలు పూవుకొరకు దూరము పోవలసి వచ్చుచున్నది. తనంత తాను మొలచునుగదా యని మనము ఉపేక్షించితిమి. ఇక విత్తి పెంచవలెను.

దీనివలన లాభము పండుగకు మాత్రమే కాదు. పశువులు దీని ఆకును అంతగా ముట్టవు; కావున కావలి లేకయే గట్టుమీద పెరుగును. వేళ్లు లోతుగా దిగి మన్ను కొట్టుకొనిపోకుండ పట్టియుంచును. లేతరెమ్మలను వరిమడిలో త్రొక్కినచో పచ్చిరొట్ట యెరువగును. ఇది కంది, పెసరల కుటుంబములోనిదే యైనను వేళ్లకు బుడిపెలు కట్టవు. నత్రజనిని గాలినుండి పట్టి భూమికిచ్చునని భ్రమపడరాదు. ఆకు కోసి వేసినపుడే పొలమునకు మేలు.

దీని బెరడు తోళ్లను పదును చేయుటకు పూర్వమునుండి వాడుకలో నున్నది. నిలిచియున్న చెట్టు బెరడు నొలిచినచో చెట్టు చచ్చును. కొమ్మలను నరికి, వానినుండి ఒలిచినచో మోడు మరల చిగుర్చును.

విత్తు విధానము: పూచిన చెట్లన్నిటిని పండుగకు దులిపివేయక, కొన్నిటిని విత్తనమునకు విడువవలెను. కాయలు ఎండి గోధుమవన్నె కెక్కినపుడు కోసి, ఆరబెట్టి, గింజలు తీయవలెను. గింజపై పెంకు మిక్కిలి గట్టిది. నీరు లోనికి చొరనీయదు. ఊరక చల్లిన గింజలలో పెక్కు మొలవకుండుటకు కారణమిదియే. కావున గింజలను గరుకు ఇసుకతో గోనెసంచిలో బాగుగా రుద్దవలెను. లేదా మరగిన నీటిని పొయ్యిమీదినుండి దింపి, కొంచెము చల్లారిన పిదప గింజలపై పోసి, రాత్రియంతయు నాననీయవలెను. ఉబ్బిన గింజలనే విత్తవలెను.

తొలకరి పదునులో గట్టుమీద రెండేసి అడుగుల యెడమున, అర అంగుళము లోతున, గుంటకు మూడేసి గింజలు వేసి, పిదప బలమైన మొక్క నొక్కదానిని నిలుపవలెను. తల్లివేరు త్వరగా దిగును గనుక, పెరిగిన మొక్కను పెరికి నాటుట పనికిరాదు. నీరు నిలుచుచోట విత్తరాదు. మొదటి యేడు పూయకున్నను నిరాశపడవలదు.

సభ్యులొక్కొక్కరు దోసెడు గింజలు సేకరించి సంఘమున కిచ్చినచో, గింజలు లేనివారికి పంచవచ్చును. ఒక్కని గట్టు మాత్రమే పూచిన ఊరికి చాలదు. అందరి గట్లును పూచినపుడే పిల్లలకు పూవు, పొలమునకు ఎరువు, గట్టునకు బలము కలుగును.