పన్నెండు మంది పడవ

గోదావరి మధ్యలో లంకలు ఉంటాయి. ఏరు తెచ్చిన ఒండ్రు మేట వేసి వేసి తయారైన నేల అది. అక్కడ కూరగాయలు బాగా పండుతాయి. అరటి, కొబ్బరి పెరుగుతాయి. పశువులకు గడ్డి దొరుకుతుంది. కానీ చాలా లంకలకు వంతెన లేదు. కూలికి వెళ్ళాలన్నా, గడ్డి తేవాలన్నా, పిల్లలు బడికి రావాలన్నా పడవే దిక్కు.

కొన్ని రేవులు పాటదారు చేతిలో ఉంటాయి. డబ్బు తీసుకుని దాటిస్తాడు. కొన్నిచోట్ల ఊరివాళ్ళే కలిసి ఒక పడవ పెట్టుకుంటారు. జీతగాడు ఉండడు. తెడ్డు వేయడం వచ్చినవాళ్ళు వంతుల ప్రకారం వేస్తారు. ఈ పాఠం అలాంటి ఊరి పడవ గురించే.

అక్కలారా, ఒక పడవ అనుకుందాం. చెక్క పడవ. ఇరవై కుటుంబాలు చందాలు వేసి కొనుక్కున్నాయి. "ఇది మనందరిదీ" అన్నారు. బాగానే ఉంది. మరి పడవలోకి నీరు ఊరుతుంటే చూసేది ఎవరు? సాయంత్రం అందరూ తిరిగి వచ్చారో లేదో లెక్క పెట్టేది ఎవరు? గాలి లేచిన రోజున "ఇవాళ పడవ కదలదు" అని చెప్పేది ఎవరు? "అందరం చూసుకుంటాంలే" అన్నారంటే ఎవ్వరూ చూడరు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఉండనే ఉంది.

అందుకే ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు రాసుకోవాలి. తెడ్డు వేసేవారు ఇద్దరు. పడవను చూసుకునేవారు ఒకరు. చెక్కల సందుల్లో నార కూరడం, తారు పూయడం, తాడు పాతబడితే మార్చడం, నీరు తోడే డబ్బా పడవలోనే ఉందో లేదో చూడడం వారి పని. పుస్తకం రాసేవారు ఒకరు. ఇంకొకరు రేవు పెద్ద. ఈ రేవు పెద్ద పని చూడ్డానికి తేలిక. అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఎందుకో చూడండి.

ఉదయం ఏడు గంటలు. పడవలో 12 మంది కూర్చున్నారు. తెడ్డు వేసే ఇద్దరూ అందులోనే లెక్క. పదమూడో మనిషి పరుగున వచ్చింది.

"వదినా, ఆగండాగండి! నేనూ వస్తాను."

"12 అయ్యారు అమ్మాయ్. రెండో విడతలో రా."

"నేనొక్కదాన్నే గదా! ఒక్క మనిషికే మునిగిపోద్దా పడవ?"

"నిన్ను ఎక్కించుకుంటే నీ వెనకాల వచ్చే పద్నాలుగో మనిషికి ఏం చెప్పమంటావు?"

"ఆలస్యమైతే ఆసామి అరపూట కూలి కోసేస్తాడు వదినా. మీరిస్తారా?"

"కొయ్యడు. రెండో విడత వాళ్ళకి కూలి కొయ్యొద్దని మొన్ననే నలుగురం వెళ్ళి మాట్లాడొచ్చాం. ఒకవేళ కోస్తే నాకు చెప్పు. అందరం కలిసి అడుగుదాం."

ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుంది.

రేవు పెద్ద చివర చెప్పిన మాట మళ్ళీ చదవండి. ఆ ఏర్పాటు ముందే జరగకపోతే ఆ అమ్మాయి ఆగేది కాదు. కూలి పోతుందంటే ఎవరైనా ఎక్కుతారు. ప్రాణం మీద ఆశ లేక కాదు, ఇంట్లో పొయ్యి వెలగాలి గనక. ఆడవాళ్ళు జాగ్రత్తగా ఉండరని కొందరు అంటారు. ఆ మాట సరికాదు. జాగ్రత్తగా ఉంటే నష్టపోయేలాగా ఏర్పాటు ఉంటే జాగ్రత్త ఎలా వస్తుంది? కాబట్టి ఆసామితో, ఇంట్లోవాళ్ళతో, బడి మాస్టారుతో ముందే మాట్లాడుకోవాలి. పడవ దగ్గర వాదన పెట్టుకుంటే కుదరదు.

ఇప్పుడు సాయంత్రం సంగతి చూద్దాం. ఉదయం వెళ్ళిన 12 మందే తిరిగి వస్తున్నారు. మనుషులు పెరగలేదు. పడవ మాత్రం అంచుదాకా మునిగింది. ఎందుకు? ఒక్కొక్కరి దగ్గరా పచ్చిగడ్డి మోపు ఉంది.

లెక్క వేద్దాం. మనిషి 50 కిలోలు అనుకుంటే 12 మంది 600 కిలోలు. పడవ మోయగలిగింది అంతే. మోపు 25 కిలోలు అనుకుంటే 12 మోపులు 300 కిలోలు. మొత్తం 900 కిలోలు. అంటే 18 మంది ఎక్కినంత బరువు! మనుషులను లెక్కపెట్టి "12 మందే కదా" అనుకున్నాం. పడవ మనుషులను లెక్కపెట్టదు, బరువును చూస్తుంది.

మరి మోపులతో ఎందరు ఎక్కొచ్చు? మనిషి, మోపు కలిసి 75 కిలోలు. 600ను 75తో భాగిస్తే 8 వచ్చింది. 8 మంది ఎక్కాలి. మిగిలిన నలుగురు తర్వాతి విడతలో రావాలి. గడ్డి తడిగా ఉంటే ఇంకా బరువు. మోపు మీద కూర్చుంటే ఇంకో ప్రమాదం. బరువు పైకి లేచేకొద్దీ పడవ పక్కలకు ఊగుతుంది. మోపులు అడుగున, మధ్యలో పెట్టాలి. మనుషులు కిందికి కూర్చోవాలి. ఒడ్డు రాగానే అందరూ ఒక్కసారి లేచి ఒకే పక్కకు వస్తారు చూడండి, అప్పుడే చాలా పడవలు ఒరిగిపోతాయి. ముందు వైపు నుంచి ఒక్కొక్కరే దిగాలి.

రోజూ ఈ లెక్క వేయడానికి తీరిక ఉండకపోవచ్చు. దానికి ఒక ఉపాయం ఉంది. సరిపడ బరువు ఎక్కించి, నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, పడవకు బయట రెండు పక్కలా తెల్లరంగు గీత గీయించండి. పడవ చేసిన వడ్రంగిని అడిగి గీయించడం మంచిది. గీత మునిగిందంటే ఎవరో ఒకరు దిగాలి. ఎవరు దిగాలి? చివర ఎక్కినవాళ్ళు. ఇది కూడా పుస్తకంలో ముందే రాసుకోండి. లేకపోతే దిగేది ఎప్పుడూ నోరులేని వాళ్ళే.

పుస్తకం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల లాంచీ మునిగిపోయింది. చుట్టుపక్కల గిరిజన ఊళ్ళవాళ్ళు తమ పడవలతో వెళ్ళి దొరికినవాళ్ళను కాపాడారు. 26 మంది బతికారు. కానీ లాంచీలో అసలు ఎంతమంది ఉన్నారు? ఆ లెక్క మొదట సరిగ్గా తెలియలేదు. 77 మంది అని తర్వాత తేలింది. ఎవరెవరు ఎక్కారో తెలియకపోతే ఎవరి కోసం వెతకాలో ఎలా తెలుస్తుంది?

మన పడవలో ఈ ఇబ్బంది రానివ్వొద్దు. తేదీ, ఎక్కినవాళ్ళ పేర్లు, వెళ్ళిన సమయం, తిరిగి వచ్చిన గుర్తు. ఇవి చాలు. చంకలో బిడ్డ ఉంటే బిడ్డ పేరు కూడా రాయాలి. పుస్తకం పడవలో పెట్టకూడదు, ఒడ్డునే ఉండాలి. చీకటి పడేసరికి ఒక్క పేరు పక్కన గుర్తు లేకపోయినా రేవు పెద్ద ఇంటికి పోకూడదు. రాయడం కొత్తగా నేర్చినవాళ్ళు "నా రాత బాగుండదు" అని వెనకాడతారు. పేరు తెలిస్తే చాలు, గుడి, దీర్ఘం తప్పినా ఫరవాలేదు.

ఇక వరద. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. భద్రాచలంలో ఈ అంకెలు 43, 48, 53. భద్రాచలంలో పెరిగిన నీరు తర్వాత కిందికి, ధవళేశ్వరానికి వస్తుంది. 2022 జూలైలో భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటింది. ఈ అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి. రేడియోలోనో టీవీలోనో వినగానే పోల్చి చూసుకోవచ్చు. కానీ ఊరి పడవకు హెచ్చరిక దాకా ఆగనక్కర్లేదు. ఎర్రనీరు పెరుగుతున్నా, దుంగలు కొట్టుకొస్తున్నా పడవ కట్టేయాలి. వరద ఉరవడి పడవను తెడ్డుకు లొంగనివ్వదు. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర నాటుపడవ కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. బడిపిల్లలు పోయారు. స్తంభాలకు, కట్టిన తాళ్ళకు ఎప్పుడూ దూరంగానే నడపాలి.

అన్నీ చూసుకున్నా ప్రమాదం జరగవచ్చు. లైఫ్ జాకెట్లు అందరికీ ఉండాలి. పొదుపు డబ్బులతో నెలకు రెండు చొప్పున కొన్నా ఏడాది తిరక్కుండానే సరిపోతాయి. అప్పటిదాకా మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు మనిషికి రెండు చొప్పున తాడు కట్టి ఉంచండి. పట్టుకుంటే తల నీటిపైన ఉంటుంది. జాకెట్టుకు అవి సాటి రావు. జాకెట్టు ఉంటే మూటలో పెట్టొద్దు, ఎక్కకముందే తొడుక్కోవాలి. చీర కుచ్చిళ్ళు తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాయి. నాట్లకు దిగేటప్పుడు గోచీ దోపుకున్నట్టే పడవ ఎక్కేటప్పుడూ దోపుకోండి.

చెక్క పడవ తిరగబడినా తేలుతుంది. దాన్నే పట్టుకుని ఉండాలి, ఒడ్డు దగ్గరే కదా అని ఈదబోవద్దు. ఒడ్డున ఉన్నవాళ్ళు కంగారులో నీళ్ళలోకి దూకొద్దు. మునిగేవాళ్ళు కాపాడేవాళ్ళను గట్టిగా వాటేసుకుంటారు, ఇద్దరూ పోతారు. గెడ అందించండి. తాడు, డబ్బా విసరండి. 108కి ఫోను చేయండి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే కాళ్ళు పట్టి తలకిందులు చేయడం, పొట్ట నొక్కడం పనికిరాదు. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో గట్టిగా, గబగబా 30 సార్లు నొక్కాలి. మళ్ళీ రెండు ఊదులు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు. మీ ఊరి నర్సమ్మను పిలిచి చేసి చూపించమనండి.

ఇప్పుడు ఈ లెక్క చేయండి. ఒక పడవ 10 మందిని, అంటే 500 కిలోలు మోస్తుంది. 7 మంది ఎక్కారు. ఒక్కొక్కరి దగ్గర 25 కిలోల మోపు ఉంది. పడవ కదలవచ్చా?

మీ రేవులో ఇప్పుడు "వద్దు" అని చెప్పే మనిషి ఎవరు? పేరు రాయండి. సర్పంచిగారి బంధువు పదమూడో మనిషిగా వస్తే ఆ మనిషి ఏమంటుంది? కేంద్రంలో అందరూ మాట్లాడుకోండి. ఆమె వెనకాల ఎవరెవరు నిలబడతారో ఆ పేర్లు కూడా కిందనే రాయండి.