ద్వితీయామృతము

ప్రశ్న: ‘అమృతం’ ధారావాహిక అంతకాలము నడువగా, ‘అమృతం ద్వితీయం’ ఏల నిలువలేదు? — ఒక పాఠకుడు, అహోబిలం

జవాబు: 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో ఆదివారమునకొకటిగా మూడువందల పైచిలుకు భాగములు నడచిన గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’నకు ప్రాణము ‘అమృత విలాస్’ అను ఆ నడువని హోటలు. అమృతరావు అమాయకత్వము, మిత్రుడు ఆంజనేయులు తెచ్చిపెట్టు తుంటరి ఉపాయము, అప్పాజీ అద్దె కొరకు చేయు గర్జన, ఈ మూడును ఆ వంటింటిలోనే రాజుకొనెడివి. (ఎగువ సన్నిధికెక్కి ఆకలితో దిగివచ్చు యాత్రికులుండగా, మీ ఊర భోజనశాల పెట్టినవానికి ఆంజనేయులు సలహాలతో పనియేమి!)

2020 ఉగాదినాడు, దేశమెల్ల తలుపులు మూసికొనిన ఆ దినముననే, జీ5లో వెలువడిన ద్వితీయమునకు అమృతరావుగా హర్షవర్ధన్, అప్పాజీగా శివన్నారాయణగార్ల పునరాగమనమే పెద్ద బలము. అప్పాజీ కోపము వన్నె తరుగలేదనియే నా యభిప్రాయము. కాని 2018లో గుండు హనుమంతరావుగారు దివంగతులగుటచే ఆంజనేయులు పాత్ర ఎల్బీ శ్రీరామ్‌గారికి సంక్రమించినది. ఆయన మహానటుడే యైనను, తాను గోతిలోనికి దిగుచు మిత్రుని వెంటలాగుకొనిపోవు హనుమంతరావుగారి ఆ నిశ్చింత వేఱు, శ్రీరామ్‌గారి పలుకులోని ఆర్ద్రత వేఱు. అదియునుగాక, ఇంటిల్లిపాదియు వారమెల్ల ఎదురుచూచి ఒక్కచోట కూర్చుండి నవ్విన నవ్వు, ఎవరి చేతి ఫోనులో వారు చూచునపుడు సగమగును. పాత జ్ఞాపకమును పదేపదే తట్టిలేపవలెనను తాపత్రయముకంటె, హోటలునకు క్రొత్త చిక్కులు కల్పించుటయందు శ్రద్ధ వహించియుండవలసినది.