మంచుగడ్డ మీద కుదురు

పోయిన సంవత్సరం హాస్టల్లో చేరిన కొత్తల్లో రోజూ రాత్రి ఇంటికి ఫోను చేసి ఏడ్చేదాన్ని. మాది డెంకణికోట. అమ్మ తరఫు తెలుగు, నాయన తరఫు కన్నడం. నాయన "హొందికో మగళే" అనేవాడు. అంటే సర్దుకో తల్లీ అని. అవ్వ ఫోను లాక్కొని "కుదురుకుంటావులేమ్మే" అనేది. రెండు మాటలూ ఒకటే అనుకున్నాను. ఈమధ్య అంటార్కిటికా గురించి చదివాక కాదనిపించింది.

అంటార్కిటికాలో ఊళ్లు లేవు. ఉండేవాళ్లంతా పనిమీద వచ్చి తిరిగి పోయేవాళ్లే. మన దేశపు మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని 1983-84లో మంచుపలక మీద కట్టారు. ఆ యాత్రతోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ మన దేశపు అంటార్కిటికా యాత్రల్లో పాల్గొన్న మొదటి మహిళలయ్యారు. ఆ కేంద్రం మంచులో కూరుకుపోతూ ఉంటే 1990లో వదిలేశారు. దాని బదులు 1989లోనే మైత్రిని రాతినేల మీద కట్టుకున్నారు. మూడోది భారతి, 2012లో వచ్చింది. 134 కంటైనర్లను జోడించి కట్టిన భవనం అది.

భారతిలో ఇస్రో గ్రౌండ్ స్టేషన్ ఉంది. అంత దూరంలో ఎందుకు? మన అడవులను, చెరువులను, పంటలను ఫొటోలు తీసే ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. రోజుకు దాదాపు 14 చుట్లు. భూమి కింద తిరుగుతూ ఉంటుంది కాబట్టి హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌కు అవి కొన్నిసార్లే కనిపిస్తాయి. ధ్రువం దగ్గరైతే ఎక్కువసార్లు అందుతాయి. అక్కడ దించుకున్న సమాచారం షాద్‌నగర్‌కు వస్తుంది.

ఆ స్టేషన్ పని చూడటానికి 2016 నవంబరులో మంగళా మణి గారు వెళ్లారు. 23 మంది బృందంలో ఆమె ఒక్కరే మహిళ. వయసు యాభై దాటింది. అంతవరకు మంచు కురవడం చూసినవారు కాదు. అక్కడ 403 రోజులు ఉన్నారు. ఇది చెబితే మా అవ్వ అడిగిన మొదటి ప్రశ్న: "ఒక్కతే ఎట్లుండింది?"

నేనూ అదే వెతికాను. వెళ్లబోయేవాళ్లకు ముందు ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షలు చేస్తారు. తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచుకొండల్లో బరువులు మోయిస్తూ నడిపిస్తారు. అంటే ఓడ ఎక్కకముందే ఒకరికొకరు తెలుస్తారు. చేరాక ఎవరి పని వారిది: వంట, కరెంటు, వైద్యం, యంత్రాలు. బయట కొన్ని గంటలకు మించి ఉండలేరు. చెత్తను కూడా అక్కడ పారేయకూడదు, మూటగట్టి వెనక్కి తేవాలి. చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది, ఓడ రాదు. జూన్ నెలంతా పొద్దు పొడవదు. ఇంటికి పోతానంటే దారే లేదు. ఆ చీకట్లో ఎవరైనా ముడుచుకుపోతే పక్కవాళ్లే చూసుకోవాలి.

కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటాం. కుండ అడుగు గుండ్రం, తనంతట తాను నిలబడదు. ఎవరో గడ్డితోనో గుడ్డతోనో కుదురు చుట్టి పెట్టాలి. నాయన మాట ప్రకారం సర్దుకోవాల్సింది నేను. అవ్వ మాటలో ఇంకొకరి చెయ్యి కూడా ఉంది.

నాకు ఆ చెయ్యి దొరికింది. పక్కగది అక్క రోజూ సాయంత్రం తనతో పాటు నీళ్లు పట్టడానికి పిలిచేది. అంతే, వేరే ఓదార్పేమీ లేదు. కానీ నా గదిలోని అమ్మాయి మూడో వారంలో పెట్టె సర్దుకొని ఊరికి పోయింది, మళ్లీ రాలేదు. నేను నా ఏడుపులో ఉండి ఆమెను "తిన్నావా" అని కూడా అడగలేదు. మా ఇద్దరి ఊళ్లకూ రోజూ బస్సుంది. బస్సు ఉండటమే ఆమెకు కష్టమైందేమో, నేను అడిగి ఉంటే ఆగేదేమో. తెలియదు.

జూన్‌లో కొత్తవాళ్లు వస్తారు. మొదటి వారం బిందె తీసుకొని వాళ్ల తలుపు తట్టాలని అనుకుంటున్నాను. మీరూ రండి.