నీటి పద్దు ముందు రాయండి

కోయంబత్తూరులోని మన సింగానల్లూరు తెలుగు ఇళ్ళలో పొలం పని వదిలి మిల్లుకు వెళ్ళినవాళ్ళు చాలామంది. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలయ్యాక కోయంబత్తూరు చుట్టూ నూలు మిల్లులు పెరిగాయి. అలాంటి మిల్లులకు షెడ్లు, ప్లాంట్లు కట్టించడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఇప్పుడు మా ఇళ్ళ పిల్లలు ప్రాజెక్టు మేనేజర్లయ్యారు. పర్యావరణం గురించి మాకంటే ఎంతో ఎక్కువ చదువుకున్నారు. అయినా ఆ చదువు రిపోర్టు చివరి అధ్యాయంలోనే ఆగిపోతోంది. మొదటి పేజీలోని అంచనా పట్టిక దాకా రావడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. అంచనాలో పద్దు లేని పని సైటులో జరగదు.

మా రోజుల్లో స్థలానికి, షెడ్డుకు, యంత్రాలకు, ట్రాన్స్‌ఫార్మరుకు వేరువేరు పద్దులుండేవి. వాననీటి గుంటలు, చెట్లు, మురుగు శుద్ధి మాత్రం ‘ఇతరములు’ అనే ఒక్క వరుసలో సర్దుకునేవి. సిమెంటు ధర పెరిగినా, దిగుమతి యంత్రం ఆలస్యమైనా మొదటి కోత ఆ వరుసకే. తర్వాత్తర్వాత నేను వాననీటి పనిని కప్పు టెండర్లోనే కలిపించేవాణ్ణి. కప్పు మీద పడిన నీరు గొట్టంలో దిగి, ఇసుక, కంకర వడపోత దాటి, ఇంకుడు బావికి చేరేదాకా ఒకే కాంట్రాక్టరు బాధ్యత. ట్యాంకరుతో కప్పు మీద నీళ్ళు పోయించి, అవి బావిలో పడటం చూశాకే ఆఖరి బిల్లు. ఆవరణంతా కాంక్రీటు వేశాక మళ్ళీ తవ్వించే ఖర్చు ముందు ఇది ఏపాటి?

2. ప్రాజెక్టు సరిహద్దును తేల్చేది కంచె కాదు, నీరు.

మన నొయ్యల్ నది వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు దాటి కావేరిలో కలుస్తుంది. తిరుప్పూరుకు దిగువన ఒరత్తుపాళయం డ్యాము సాగునీటి కోసం కట్టారు, 1992లో పూర్తయింది. అప్పటికే పైన బనియన్ల పరిశ్రమ, దాని వెంట అద్దకం యూనిట్లు పెరుగుతున్నాయి. బట్టకు రంగు పట్టించేందుకు వాడే ఉప్పు దాదాపుగా అంతా నీళ్ళలోకే వస్తుంది. ఆ నీరే డ్యాములో నిలిచింది. నీటి కోసం ఎదురుచూసిన రైతులే చివరికి ఆ నీరు వదలొద్దని అడ్డుపడ్డారు. వ్యర్థజలం చుక్క కూడా బయటికి రాకూడదని మద్రాసు హైకోర్టు 2006లో ఆదేశించింది. 2011 జనవరిలో యూనిట్లను మూయించింది. వందల యూనిట్లు ఆగాయి, కూలీలు ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత శుద్ధి ప్లాంట్లు నిలదొక్కుకున్నాయి గానీ వాటికి కరెంటు విపరీతంగా కావాలి. చివర మిగిలే మిశ్రమ ఉప్పును ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. పర్యావరణ ప్రభావ అంచనాను చట్టబద్ధం చేసిన నోటిఫికేషన్ మన దేశంలో వచ్చింది 1994లో. కానీ ఎగువన ఏముందో నడిచి చూసి రావడానికి నోటిఫికేషన్ అక్కర్లేదు. ఆ పని చేయని మా తరానికి ఖర్చు పడలేదు. దిగువ రైతుకు, మీకు పడింది.

3. గడిచిన ఎండల లెక్కతో రాబోయే ఎండలకు ప్లాంటు కట్టకూడదు.

దారం తెగకుండా సాగాలంటే స్పిన్నింగ్ హాల్లో తేమ 55–60 శాతం దగ్గర నిలవాలి. పాలక్కాడు కనుమ గుండా వచ్చే చల్లగాలి మిల్లులకు కలిసొచ్చింది. మిగతాది తేమ ప్లాంటు చూసుకునేది: పెద్ద ఫ్యాన్లు గాలిని లాగి, నీటి తుంపర్లలో కడిగి హాల్లోకి పంపుతాయి. ఆ ప్లాంటు ఎంత ఉండాలో పాత వాతావరణ పట్టికలు చూసి నిర్ణయించేవాళ్ళం. వేసవులు ముదిరేసరికి ఫ్యాన్లు పగలూ రాత్రీ పూర్తి వేగంతో తిరిగినా తేమ చాలేది కాదు. కరెంటు బిల్లు మాత్రం పెరిగేది. ముప్పై ఏళ్ళు నడవాల్సిన ప్లాంటుకు ముప్పై ఏళ్ళ తర్వాతి ఎండను కూడా లెక్కలో పెట్టాలి. కప్పుకు వేడి తగలకుండా పొర వేయండి. ఫ్యాన్లకు వేగం మార్చే డ్రైవులు మొదట్లోనే పెట్టించండి. ఫ్యాను వేగం 20 శాతం తగ్గితే అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. చలికాలంలో మిగిలే ఆ కరెంటే వేసవికి కట్టిన అదనపు ధరను తీరుస్తుంది.

4. బార్ చార్టులో రుతువులకూ ఒక గీత ఉండాలి.

కొండల చాటున ఉన్న మన ఊరికి పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. కనుమ గాలి జోరంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఇక్కడి మిల్లులు ఉడుమలైపేట వైపు గాలిమరలు పెట్టుకుని సొంత కరెంటు తెచ్చుకున్నాయి. గాలిమర మరమ్మతు గాలి లేని నెలల్లో పెట్టుకున్నవాడు లాభపడ్డాడు, గాలి నెలల్లో ఆపినవాడు నష్టపోయాడు. పునాది తవ్వకం అక్టోబరుకు ముందే ముగియాలి. బరకం కప్పి నెట్టుకొద్దామంటే కుదరదు. వాన రాకపోతే ఏం చేస్తామన్నదీ అదే చార్టులో ఉండాలి. 2016లో తమిళనాడులో ఈశాన్య వాన 62 శాతం తక్కువ పడింది. మరుసటి వేసవికి మనకు తాగునీరిచ్చే శిరువాణి డ్యాము అడుగంటింది. తాగునీటికే కటకటగా ఉన్నప్పుడు కాంక్రీటు తడపడానికి నీళ్ళెవరిస్తారు? శుద్ధి చేసిన మురుగునీటితో ఏయే పని నడుస్తుందో ముందే పరీక్ష చేయించి పెట్టుకోండి.

5. ప్రారంభోత్సవంతో ప్రాజెక్టు పూర్తి కాదు.

రిబ్బను కత్తిరించిన కొన్నాళ్ళకే ఆగిపోయిన మురుగు శుద్ధి ప్లాంట్లు చాలా చూశాను. యంత్రం బాగానే ఉండేది. దాన్ని నడిపే మనిషికి జీతం, బ్లోయరుకు కరెంటు ఎవరి ఖాతాలోనూ ఉండేవి కావు. తాళం వేసిన ప్లాంటు ముందు నిలబడినప్పుడల్లా నాకు బాధగా ఉండేది, ఎందుకంటే అది డిజైను లోపం కాదు, మా మీటింగుల లోపం. రేపు ప్లాంటు నడపబోయే ఆపరేటరును మొదటి మీటింగుకే పిలవండి. వాల్వు చేతికి అందుతుందా, బురద తీసే దారి ఉందా అని అడిగేది అతనే. కొన్న ధరతో పాటు ఇరవై ఏళ్ళ నడిపింపు ఖర్చు కూడా కలిపి టెండర్లు పోల్చండి. చవకగా కనబడినది ఎంత ఖరీదో అప్పుడు తెలుస్తుంది.

6. పాతవాళ్ళు కట్టినదాన్ని ముందు చదవాలి.

నొయ్యల్ మీద పూర్వులు ఆనకట్టలు కట్టి నీటిని కాలువల ద్వారా చెరువులకు మళ్ళించారు. ఒకటి నిండి పొర్లితే మిగులు దిగువ దానికి చేరేది. పంపు లేదు, కరెంటు లేదు. నేల వాలే ఇంధనం. ఉక్కడం పెరియకుళం, వాలాంకుళం, మన సింగానల్లూరు చెరువు, అన్నీ ఆ వరుసలోవే. మన చెరువు దాదాపు 288 ఎకరాలు. 2017లో నగరపాలక సంస్థ దాన్ని పట్టణ జీవవైవిధ్య సంరక్షణ మండలంగా ప్రకటించింది. ప్రకటన మంచిదే. అయితే కాలువలో మురుగు కలవడం ఆగితేనే చెరువు బతుకుతుంది. గట్టు మీద ఎంత అందమైన నడకదారి వేసినా ఆ లోటు తీరదు. ఈ చుట్టుపక్కల రోడ్డు వేసినా, అపార్టుమెంటు కట్టినా ముందు పాత కాలువల పటం తెప్పించుకోండి. తూము మూసి కట్టిన గోడ ఏదో ఒక వానాకాలంలో ఎవరి ఇంటినో ముంచుతుంది.

పిల్లలూ, మీ చేతిలో మాకు లేని లెక్కలున్నాయి, చట్టాలున్నాయి, పరికరాలున్నాయి. తర్వాతి ప్రాజెక్టు మీటింగులో మొదటి కాగితం మీదే మూడు ప్రశ్నలు రాయండి: నీరు ఎక్కడినుంచి వస్తుంది, వాడాక ఎక్కడికి పోతుంది, దీన్ని నడిపే కరెంటు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు. జవాబులకు ఎదురుగా రూపాయలు కూడా రాయండి. ఎవరైనా ఆ పద్దు కొట్టేయమంటే, రేపు ఆ నష్టం ఎవరు భరిస్తారో సంతకం పెట్టి రాసివ్వమని మర్యాదగానే అడగండి. మేము అడగాల్సిన మాట అది, మీరు అడగండి.