గోడ దాటిన శబ్దము

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 22:5-6, సామెతలు 27:14, ద్వితీయోపదేశకాండము 22:8



ఈ నెల పాఠమునకు మేమెన్నుకొనిన భాగము ప్రసంగములలో తరచుగా వినబడునది కాదు. నిర్గమకాండము 20వ అధ్యాయములోని పది ఆజ్ఞలు చదివి, తరువాతి అధ్యాయములను ఎద్దుల సంగతి, గోతుల సంగతి అని త్వరత్వరగా దాటిపోవుట మనకు అలవాటు. అయితే వ్యవసాయము చేసికొని బ్రదుకు మనకు ఆ అధ్యాయములలోని సంగతులు కొత్తవి కావు. 22వ అధ్యాయము 5వ వచనములో ఒకని పశువు పోయి వేరొకని చేను మేసినది. 6వ వచనములో ఒకడు పెట్టిన నిప్పు కంపకు అంటుకొని, అటునుండి పొరుగువాని పైరుకు పాకినది. రెంటికిని తీర్పు ఒకటే. నష్టము కలిగించినవాడే దానిని తీర్చవలెను.

గమనించుడి. పశువులను పెంచుట తప్పని గాని, నిప్పు పెట్టుట పాపమని గాని అచ్చట వ్రాయబడలేదు. ఆ మనుష్యుడు తన పనికొరకే నిప్పు పెట్టెను. పొరుగువానికి కీడు చేయవలెనను తలంపు వానికి లేదు. అయినను నిప్పుకు గట్టు తెలియదు. గట్టు తెలిసినవాడు నిప్పు పెట్టిన మనుష్యుడే గనుక ఉత్తరవాది వాడే. కోతల తరువాత చేనిలో మంట పెట్టి, గాలి తిరిగినప్పుడు నీళ్ల బిందెలతో పరుగెత్తినవారు మనలో ఎందరో యున్నారు. వారికి ఈ వచనము వేరొకరు వివరింప నక్కరలేదు.

నేడు మన యిండ్లలో గట్టు తెలియనిది ఇంకొకటి వచ్చినది. అది శబ్దము. ఉద్యోగములకు హైదరాబాదుకును గల్ఫు దేశములకును వెళ్లిన మన పిల్లలు పండుగకు వచ్చునప్పుడు హోమ్ థియేటర్ తెచ్చుచున్నారు. చుట్టును అయిదు చిన్న పెట్టెలు, నేలమీద ఒక పెద్ద ఊఫరు పెట్టె; అందుకే దానిని 5.1 అందురు. దానిని మేము నిందించుట లేదు. రేడియో వచ్చినప్పుడును, టీవీ వచ్చినప్పుడును ఇవి సాతాను పెట్టెలని గద్దించిన పెద్దలుండిరి. తరువాత వారే వాటియెదుట కూర్చుండిరి. 150వ కీర్తన మ్రోగు తాళములతో స్తుతించుమని చెప్పుచున్నది గాని మెల్లగా గొణుగుకొనుమని చెప్పుట లేదు. నెహెమ్యా దినములలో యెరూషలేము గోడ ప్రతిష్ఠించినప్పుడు ఆ సంతోషధ్వని బహుదూరమునకు వినబడెనని వ్రాయబడినది (నెహెమ్యా 12:43). పగలంతయు కలుపు తీసి వచ్చిన మనుష్యుడు రాత్రి భార్యాపిల్లలతో కూర్చుండి మంచి ధ్వనితో ఒక కథను చూచిన, అది దేవుడిచ్చిన విశ్రాంతియే. ఆ పెట్టెకు గంభీరమైన ధ్వనియే అందము, అదియు మేమెరుగుదుము.

అయితే గడచిన క్రిస్మసు వారములో జరిగిన సంగతి చెప్పవలసియున్నది. ఇందులో మా తప్పును కలదు.

మా పాస్టరేటులోని ఒక గ్రామమున మన సంఘపెద్ద ఒకరి యింటికి కుమారుడు క్రొత్త హోమ్ థియేటర్ తెచ్చెను. పండుగ వారములో మూడు రాత్రులు ఇరుగుపొరుగు సంఘస్థులను పిలిచి, 1978లో విడుదలైన ‘కరుణామయుడు’ మొదలుకొని భక్తి చిత్రములు వేసిరి. రాత్రి ఎనిమిది గంటలకు మొదలై పదకొండున్నర దాటెడిది. ఉరుము ఉరిమినప్పుడు మనము కూర్చున్న కుర్చీయే అదరెడిది. అందరును మెచ్చుకొనిరి. ముందు వరుస కుర్చీలో కూర్చుండి అందరికంటె ఎక్కువగా మెచ్చుకొన్నవారము మేమే.

ఆ యింటికిని పక్కయింటికిని నడుమ ఉన్నది ఒకటే గోడ. పక్కయింటివారు మన సంఘస్థులు కారు. వారి కుమార్తె తొలికాన్పుకు పుట్టింటికి వచ్చియుండెను. బిడ్డకు పదునొకండు దినములు. మొదటి రాత్రి బిడ్డ ఉలికిపడి ఉలికిపడి ఏడ్చెను. రెండవ రాత్రియు అంతే. మూడవ రాత్రి ఆ యింటి పెద్దామె, మంచు కురియుచుండగా, బాలింతను పసిబిడ్డను ఆటోలో ఎక్కించుకొని ప్రక్క ఊరిలోనున్న తమ్ముని యింటికి పోయెను. మనము కిటికీలు మూసికొని చిత్రము చూచుచుంటిమి గనుక ఆటో వచ్చినదియు పోయినదియు ఎవరికిని తెలియలేదు.

నాలుగవ దినమున పాలకేంద్రము దగ్గర మాకు ఈ మాట తెలిసెను. పెద్దామె తిరిగి వచ్చియుండెనని విని, మేమును సంఘపెద్దయు వెళ్లితిమి. ఆమె మాకు పీటలు వేసి టీ ఇచ్చెను. “ఒక్క మాట చెప్పియుంటే ఆపేవాళ్లం గదమ్మా” అని సంఘపెద్ద అనగా ఆమె, “పండగ మీది గదా నాయనా. పండగ పూట నోరు తెరిచి వద్దని ఎట్లా చెప్పేది?” అనెను. కోపముతో చెప్పలేదు. కోపముతో చెప్పియుండిన మాకు కొంత సులువుగా నుండెడిది.

సత్రములో స్థలము దొరకని శిశువు జన్మదినమును ఆచరించుచు, మనము ఒక శిశువును ఇల్లు విడిచి పోవునట్లు చేసితిమి.

ఇప్పుడు సామెతలు 27:14 తెరవుడి. స్నేహితుని దీవించుట మంచి పని. అయితే తెల్లవారకముందే లేచి బిగ్గరగా అరచి దీవించిన, అది వానికి శాపముతో సమానమని సొలొమోను జ్ఞానము చెప్పుచున్నది. అచ్చట మాటలో దోషము లేదు. వేళలోను గొంతులోను ఉన్నది. కాబట్టి “మేము పెట్టినది భక్తి చిత్రమే గదా, ఆయన మాటలు వారి చెవిని పడిన మంచిదే గదా” అని చెప్పుకొనుటకు వీలులేదు. నిజమునకు ఒక్క మాటయు వారి చెవిని పడలేదు. ఇది మేము పరీక్షించి చూచిన సంగతి.

ఆ పెద్దామె సెలవు తీసికొని, ఐటీఐ చదివిన మన యువకునొకని పిలిచి, యిటుపక్క చిత్రము వేయించి, మేము బాలింత పడుకొను గదిలో నిలువబడితిమి. మాటలు లేవు, పాట లేదు. దబ్, దబ్ అని గోడయు మంచమును కొట్టుకొనుచున్నట్టి చప్పుడు మాత్రమే యున్నది. పెద్దామె, “మాటలు వినపడితే కథయినా తెలిసేది అయ్యగారూ, మాకు ఈ దబదబే” అనెను.

దీనికి కారణము తెలిసికొనుట మంచిది. శబ్దము గాలిలో అలలుగా సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణము చేయును. సన్నని ధ్వనుల అల పొట్టిది. సెకనుకు 3,000 కంపనముల ధ్వనికి అల పొడవు జానెడు కూడ లేదు. అట్టిది గోడకు తగిలి చాలవరకు అక్కడనే ఆగిపోవును. ఊఫరులోనుండి వచ్చు 40 కంపనముల ధ్వనికి అల పొడవు 8 మీటర్ల పైచిలుకు. అది గోడనే కదిలించి అవతలి గదిలో మరల శబ్దమగును. గోడ బరువు రెట్టింపు చేసినను తగ్గునది సుమారు 6 డెసిబెల్స్ మాత్రమే. మన చెవికి సగము తగ్గినట్లు తోచుటకు సుమారు 10 కావలెను. అనగా రెండవ గోడ కట్టినను సగము కూడ తగ్గదు. గోడకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించిన చాలునని మన యువకులు అనుకొనుచున్నారు. అట్టలును బొంతలును గదిలోని ప్రతిధ్వనిని కొంత తగ్గించును గాని ఊఫరు దబదబను ఆపలేవు. ఆ డబ్బు దాచుకొనుడి.

మరి ఏమి చేసితిమి? మొదట ఊఫరు పెట్టెను ఉమ్మడి గోడ మూలనుండి తీసి, అవతలి వైపున, కూర్చుండువారి దగ్గరకు తెచ్చితిమి. మూలనుంచిన పెట్టె రెండు గోడలను తోడు చేసికొని బలముగా మ్రోగును. దగ్గరనుంచిన, తక్కువ పెట్టినను మనకు చాలును. దాని క్రింద మందపాటి రబ్బరు చాప వేసితిమి. ఇది కొంచెమే పని చేసినది. తరువాత మాటలు వచ్చు నడిమి పెట్టె ధ్వనిని పెంచి, ఊఫరు ధ్వనిని తగ్గించితిమి. మాటలు తెలియక మొత్తము శబ్దమును పెంచుటయే మన యిండ్లలో సగము బాధకు మూలము. ఆ యంత్రములో నైట్ మోడ్ అని యొకటి కలదు. అది ఉరుములను అణచి గుసగుసలను పైకి తెచ్చును. కొన్న దినమునుండి దానిని ఎవరును ముట్టలేదు.

అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది చదువుకొన్నవాని ఉపాయము కాదు, తాపీమేస్త్రి పని. ఆ రెండిండ్లకు పైన రేకుల కప్పు. నడిమి గోడ రేకులవరకు పోలేదు. జానెడు సందు విడిచిపెట్టబడియున్నది. మన వరుస యిండ్లలో ఇది తరచుగా కనబడును. గాలి పోవు సందులో శబ్దము పోవును. సంఘపెద్ద ఇటుక సిమెంటు తెచ్చి ఆ సందు మూయించెను. పాటలును అరుపులును ఆ గదిలో బాగుగా తగ్గినవి. దబదబ తగ్గినది గాని పోలేదు. అది రేకుల యింటిలో పోదు. పక్కవారు నిద్రించు వేళ ఊఫరు తీగ ఊడదీయుటయే దానికి మందు.

ప్రభుత్వ చట్టమును మనమెరిగియుండవలెను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి యనగా పది గంటలనుండి ఉదయము ఆరువరకు. స్వంత యింటి సౌండు సిస్టము శబ్దము ఆ యింటి సరిహద్దున ఈ హద్దుకు 5 డెసిబెల్స్ కంటె మించి యుండరాదు. లెక్క ఎక్కడ కట్టుచున్నారో చూడుడి. మన కుర్చీ దగ్గర కాదు, గట్టు దగ్గర! నిర్గమకాండములోని న్యాయము ఇదియే గదా. పండుగలకు ప్రభుత్వము సంవత్సరమునకు 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు మైకులకు అనుమతి ఇయ్యవచ్చును. అయితే పసిబిడ్డ అనుమతి కాగితము చదువదు.

మందిరపు మైకు సంగతి కూడ ఇచ్చటనే చెప్పివేయుదుము. చెన్నపట్నములోని ఒక సంఘముమీద కాలనీవారు తెచ్చిన వ్యాజ్యెములో సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో తీర్పు చెప్పుచు, ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థన చేయుమని ఏ మతమును బోధించుట లేదనెను. ఆ మాట మనకు కోర్టువారు చెప్పవలసి వచ్చినది. మేమును కొన్ని సంవత్సరములు ఉదయము అయిదు గంటలకే మైకులో పాటలు వేసినవారమే. నియమము ప్రకారము అది రాత్రియే. సామెతలు 27:14 ప్రకారమును రాత్రియే.

“వారి పండుగలకు వారు మైకులు పెట్టుట లేదా? డీజేలు తెచ్చుట లేదా? మనమే ఎందుకు తగ్గవలెను?” అని సంఘములో కొందరు మమ్మును అడిగిరి. ఆ బాధ నిజమైనదే. పరీక్షల కాలములో మన పిల్లలును దానివలన శ్రమపడిరి. అయినను నిర్గమకాండము 22:6లో, పొరుగువాని నిప్పు ఇంతకుముందు నీ చేనిని కాల్చియుండిన నీవు ఇయ్య నక్కరలేదు అను మాట మేమెంత వెదకినను కనబడలేదు.

ద్వితీయోపదేశకాండము 22:8 కూడ దీనికి తోడుగా చదువుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. ఎవడైన పడిన తరువాత కాదు, పడకముందే. హోమ్ థియేటర్ తెచ్చిన దినముననే, దాని పెట్టెలు విప్పకముందే, పక్కయింటికి పోయి “మీ యింట ఎవరు పడుకొందురు? ఏ వేళ పడుకొందురు? జబ్బువారున్నారా, చదువుకొను పిల్లలున్నారా?” అని అడుగుట పిట్టగోడ వంటిది. ఆ పెద్దామె మనతో చెప్పలేకపోయినది. తక్కువవారము, అప్పు పడియున్నవారము, కొత్తగా వచ్చినవారము అని మన వీధులలో నోరు తెరవలేనివారు చాలమంది యున్నారు. ఎవరును ఫిర్యాదు చేయలేదు గనుక ఎవరికిని బాధ లేదనుట సరికాదు.

ఇక నష్టము తీర్చు సంగతి. 5వ వచనము తన చేనిలోని మంచి పంటనుండి ఇయ్యవలెనని చెప్పుచున్నది. తాలు గింజలు కొలిచి ఇచ్చుటకు వీలులేదు. పోయిన నిద్రను కొలిచి ఇచ్చుట ఎట్లు? మాకు తోచలేదు. సంఘపెద్ద భార్య ఆ బాలింత తిరిగి వచ్చిన దినమున వెళ్లి, “అమ్మాయీ, మేము ఎన్నింటికి ఆపాలో నువ్వే చెప్పు” అని అడిగెను. ఆమె చాలసేపు చెప్పక, తల్లివైపు చూచి, చివరకు ఎనిమిది అనెను. చిత్రములు మొదలు పెట్టు వేళ అది! సంఘపెద్ద కుమారునికి ఇది కష్టముగానే తోచినది; అతడు తెచ్చినది సంవత్సరపు కష్టార్జితముతో. అయినను ఆ తల్లీబిడ్డ అత్తవారింటికి పోవువరకు, దాదాపు రెండు నెలలు, ఎనిమిదింటికే ఆపిరి. సెలవు దినములలో మధ్యాహ్నము చూచుకొనిరి. కుమారుడు సెలవు ముగిసి తిరిగి గల్ఫుకు పోవునప్పటికి ఆ యంత్రమును మనసార విన్నది నాలుగైదు సార్లు మాత్రమే.

ఆదివారపు బడిలో ఈ పాఠము చెప్పువారు పెద్దల తరగతిలో, మీ యింట శబ్దము పక్కయింట ఎట్లుండునో అక్కడ నిలువబడి విన్నవారు ఎవరైన యున్నారా అని అడుగవలెను. వచ్చే నెల పాఠమునకు నిర్గమకాండము 23:4-5 చదివి రావలెను.